తిరుపతికి వస్తున్నారా? బస్సు టికెట్ల సంగతి మొదటి నుంచి చివరిదాకా

తిరుపతిలో ఇల్లుంటే జీతం లేని ఉద్యోగం ఒకటి దానంతట అదే వచ్చి పడుతుంది. వారానికో ఫోన్. "రేపు పొద్దున దిగుతున్నాం, కొండకి బస్సు ఎక్కడ ఎక్కాలి? టికెట్ ముందే తీసుకోవాలా? అమ్మకి ఫ్రీయేనా? రేణిగుంటలో దిగాలా, తిరుపతిలో దిగాలా?" చెప్పీ చెప్పీ విసుగొచ్చి, మొన్న మా పిన్ని కొడుకు హైదరాబాద్ నుంచి పిల్లాజెల్లాతో వస్తున్నానంటే అంతా ఒకచోట రాసి పంపించాను. దాన్నే కాస్త సర్ది ఇక్కడ పెడుతున్నా. దర్శనం సంగతి ఇందులో పెద్దగా ఉండదు, వచ్చేదీ తిరిగేదీ పోయేదీ మాత్రమే. ఛార్జీల అంకెలు కావాలనే రాయలేదు. అవి మారుతుంటాయి, ఎప్పటిదో పాత అంకె పట్టుకొచ్చి కండక్టర్‌తో గొడవకి దిగేవాళ్లని చాలామందిని చూశాను.

ముందు దర్శనం, తర్వాతే బండి

చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ సుమారు మూడు నెలల ముందు ఆన్‌లైన్‌లో వదులుతుంది. రైలు రిజర్వేషనేమో 2024 నవంబర్ 1 నుంచి 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటోంది. అంటే దర్శనం టికెట్ చేతిలో ఉన్నా రైలు టికెట్ కోసం దాదాపు నెల రోజులు ఆగాలి. ఈ నెలలోనే జనం మరచిపోతారు, గుర్తొచ్చేసరికి వెయిటింగ్ లిస్టు మూడంకెల్లో ఉంటుంది. దర్శనం టికెట్ వచ్చిన రోజే ఫోన్‌లో ప్రయాణానికి 60 రోజుల ముందు తేదీకి అలారం పెట్టేసుకోండి. తిరుగు ప్రయాణానికి ఇంకో అలారం, ఎందుకంటే దానికి లెక్క ఒకటి రెండు రోజులు అటు జరుగుతుంది.

రైలు వెతికేటప్పుడు తిరుపతి ఒక్కటే కొట్టి "రైళ్లు లేవు" అనుకోవద్దు. తిరుపతి స్టేషన్ కోడ్ టీపీటీవై, రేణిగుంట జంక్షన్ కోడ్ ఆర్‌యూ. ముంబై, చెన్నై వైపు పోయే చాలా రైళ్లు తిరుపతి ఊళ్లోకి రావు, రేణిగుంట మీదుగానే పోతాయి. రేణిగుంట నుంచి తిరుపతి 10 కిలోమీటర్లు. బస్సు, షేర్ ఆటో, లోకల్ రైలు అన్నీ ఉంటాయి. కాబట్టి రెండు పేర్లతోనూ వెతకండి. అర్ధరాత్రి రెండు గంటలకి రేణిగుంటలో దింపే రైలైతే మాత్రం చిన్నపిల్లలతో వచ్చేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి. ఆ వేళకి బస్సులు పలచబడతాయి, ఆటోవాళ్లు చెప్పిందే రేటు.

ఆర్టీసీ బస్సుకైతే ఏపీఎస్‌ఆర్టీసీ వెబ్‌సైటు, యాప్ ఉన్నాయి. లేదంటే ప్రభుత్వం వాట్సాప్‌లో నడిపే మన మిత్ర ద్వారా కూడా బుక్ చేసుకోవచ్చు, నంబరు 9552300009. 2025 జనవరిలో మొదలైంది ఇది, యాప్‌లంటే భయపడే మా మామయ్య కూడా దీంతో బుక్ చేసేశాడు. ఏ దారిలో చేసినా మూడు చోట్ల ఆగి చూసుకోండి.

మొదటిది, గమ్యం. కొన్ని ఊళ్ల నుంచి నేరుగా తిరుమలకే పోయే బస్సులుంటాయి, ఎక్కువ భాగం తిరుపతిలోనే ఆగిపోతాయి. జాబితాలో తిరుపతి, తిరుమల రెండూ వేరు. బెంగళూరు నుంచి పెద్దవాళ్లని తీసుకొస్తుంటే నేరుగా తిరుమల బస్సు దొరుకుతుందేమో చూడండి, మధ్యలో సామాను దించి ఎక్కించే బాధ తప్పుతుంది.

రెండోది, ఎక్కే చోటు. తిరుపతి నుంచి తిరిగి వెళ్లేటప్పుడు ఇది మరీ ముఖ్యం. బస్టాండ్ ఒక్కటే కాదు, వేరే ఎక్కే చోట్లు కూడా చూపిస్తుంది. మీరు బస్టాండ్ అనుకుని ఇంకోటి నొక్కితే, సామాను మోసుకుని ఊరు దాటి పరుగెత్తాల్సి వస్తుంది.

మూడోది, తేదీ. దీంట్లో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. శనివారం రాత్రి పన్నెండున్నర బస్సు కావాలి. శనివారం తేదీ పెట్టి హాయిగా బుక్ చేశాను. పన్నెండు దాటితే అది ఆదివారం కదా! నేను కొన్న బస్సు శుక్రవారం రాత్రే వెళ్లిపోయింది, నేనేమో శనివారం రాత్రి బ్యాగు తగిలించుకుని బస్టాండ్‌లో నిలబడ్డాను. కౌంటర్‌లో ఆయన టికెట్ చూసి నవ్వకుండా ఉండడానికి పాపం చాలా కష్టపడ్డాడు. బయల్దేరిన బస్సుకి డబ్బులు వెనక్కి రావు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా ఉండే ఏ బస్సైనా, రైలైనా, "మరుసటి రోజు తేదీ" అని ఒకసారి నోటితో అనుకుని నొక్కండి.

బస్సు రకాల పేర్లు చూసి కంగారు పడొద్దు. పల్లె వెలుగు ఊరూరా ఆగుతుంది, ఎక్స్‌ప్రెస్ కాస్త తక్కువ ఆగుతుంది, అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ దూరానికి. పడుకుని పోవాలంటే స్టార్ లైనర్, ఏసీ కావాలంటే ఇంద్ర, అమరావతి లాంటివి. చెన్నైకో నెల్లూరుకో అయితే ముందే రిజర్వ్ చేసుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు, బస్టాండ్‌కి పోతే ఏదో ఒకటి కదలడానికి సిద్ధంగానే ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ లాంటి రాత్రి ప్రయాణాలకి మాత్రం చేసుకోవాల్సిందే.

ఆన్‌లైన్ టికెట్‌తో ఎక్కేటప్పుడు గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోండి. ఆధార్ సూట్‌కేసు అడుగున, సూట్‌కేసు బస్సు డిక్కీలో, అలా చేయొద్దు.

దిగారు. ఇప్పుడు?

తిరుపతి స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా విష్ణు నివాసం కనిపిస్తుంది. ఆర్టీసీ బస్టాండ్ ఎదురుగా ఉన్నది శ్రీనివాసం. అలిపిరి దగ్గరున్నది భూదేవి కాంప్లెక్స్. సర్వదర్శనం (ఉచిత దర్శనం) టైమ్‌స్లాట్ టోకెన్లు ఇచ్చే చోట్లు ఇవే కాబట్టి ఈ మూడు పేర్లూ పదేపదే వింటారు. స్టేషన్ నుంచి బస్టాండ్ సామాను తక్కువైతే నడిచిపోయేంత దూరం.

స్టేషన్ బయట మీ చుట్టూ మూగేవాళ్లు కొందరు "కొండకా సామీ, రండి రండి" అంటారు. వాళ్లలో ట్యాక్సీవాళ్లుంటారు, జీపువాళ్లుంటారు, న్యాయంగా నడిపేవాళ్లే ఎక్కువ. "బండితో పాటు దర్శనం టికెట్ కూడా ఇప్పిస్తాం" అన్నవాడి దగ్గర మాత్రం ఒక్క నిమిషం కూడా నిలబడకండి. బస్సు టికెట్ బస్సుకే, దర్శనం టికెట్ దర్శనానికే. రెండూ కలిపి రోడ్డు మీద అమ్మేవాడు ఏదో ఒకదాంట్లో మోసం చేస్తున్నట్టే.

తిరుపతి బస్టాండ్ పెద్దది. శ్రీహరి, శ్రీనివాస, ఏడుకొండలు అని లోపల వేరువేరు పేర్లతో భాగాలున్నాయి. కొత్తవాళ్లు ఈ పేర్లు బట్టీపట్టి లాభం లేదు, పక్కనున్న ప్రయాణికుడికీ అవి సరిగ్గా తెలియకపోవచ్చు. మీరు పోవాల్సిన ఊరి పేరు చెప్పి, "ఏ ప్లాట్‌ఫారం అన్నా?" అని ఖాకీ చొక్కా వేసుకున్న వాళ్లని అడగండి. కొండకైతే "కొండ బస్సులు ఎక్కడ?" అంటే చాలు, ఈ ఊళ్లో కొండ ఒక్కటే.

కొండ టికెట్

తిరుమలకి ఆర్టీసీ నడిపే బస్సుల మీద సప్తగిరి అని రాసి ఉంటుంది. 2022 బ్రహ్మోత్సవాల నుంచి ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి, వాటి ఛార్జీ వేరు. ఈ టికెట్‌కి ముందస్తు రిజర్వేషన్ ఆలోచనే పెట్టుకోవద్దు. వెళ్లాలి, తీసుకోవాలి, ఎక్కాలి. సీట్లు నిండగానే బస్సు కదులుతుంది, వెనకాల ఇంకోటి వచ్చి నిలబడుతుంది.

టికెట్ కౌంటర్‌లో ఇస్తారు, లేదంటే బస్సు పక్కనే టికెట్లు కొట్టే టిమ్ మిషన్ పట్టుకుని కండక్టర్ నిలబడి ఉంటాడు. ఆయన అడిగే మొదటి మాట, "పోనా, రానుపోనా?" ఒకవైపు టికెట్టా, రెండువైపులదా అని. దీనికి ముందే జవాబు తయారుగా ఉంచుకోండి. రెండువైపులా బస్సులోనే అయితే రానుపోను టికెట్ తీసుకోండి, విడివిడిగా కొన్నదానికంటే కొంచెం కలిసొస్తుంది, కొండ దిగేటప్పుడు పైన టికెట్ క్యూ కూడా తప్పుతుంది. దానికి గడువు ఉంటుంది, అది టికెట్ మీదే చూసుకోవాలి. కొండ మీద గది దొరికి అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఉండిపోయేవాళ్లు ఈ గడువు దాటించేస్తారు. నడిచి ఎక్కేవాళ్లు, కొండ మీద నుంచి ఎవరిదో కారులో దిగిపోయే ఆలోచన ఉన్నవాళ్లు ఒకవైపు టికెట్టే కొనుక్కోవాలి. మామూలు బస్సుకి తీసుకున్న టికెట్ ఎలక్ట్రిక్ బస్సులో చెల్లుతుందా అనేది ఎక్కకముందే అడిగేయండి, ఎక్కాక అడిగితే సీటు వదిలి దిగాల్సి రావచ్చు.

టికెట్ చేతికి రాగానే చదవండి. నేను చెప్పేదాంట్లో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. రెండు వేళ్ల వెడల్పు ఉన్న చీటీ. పైన డిపో పేరు, కింద తేదీ, టైము, ఎక్కడి నుంచి ఎక్కడికి, పెద్దలు ఎంతమంది, పిల్లలు ఎంతమంది, మొత్తం ఎంత. మనం చూడాల్సింది ముఖ్యంగా మనుషుల లెక్క. రష్‌లో "నలుగురు పెద్దలు, ఒక హాఫ్" అని మనం అరిస్తే ఆయనకి "నలుగురు" వరకే వినపడుతుంది. అక్కడే నిలబడి చూసుకుంటే పది సెకన్ల పని, దారిలో చెకింగ్ వాళ్లు ఎక్కాక చూసుకుంటే పరువు తక్కువ పని. చిల్లర కూడా అప్పుడే లెక్కపెట్టుకోండి.

అలిపిరిలో దిగాలి, భయపడొద్దు

ముందే ఎవరూ చెప్పకపోతే కొత్తవాళ్లు కంగారుపడే చోటు ఇది. బస్సు కదిలిన కాసేపటికే అలిపిరి టోల్‌గేట్ దగ్గర ఆగుతుంది, అందరూ సామానుతో సహా దిగాలి. తనిఖీ. బ్యాగులు స్కానర్‌లో పెట్టాలి, మనుషులు గేటులోంచి నడవాలి, అవతల వైపు వెళ్లి మళ్లీ అదే బస్సు ఎక్కాలి. సిగరెట్లు, మందు, మాంసం లాంటివి ఉంటే అక్కడే తీసేస్తారు. కొండ మీద ప్లాస్టిక్ సీసాలు నిషేధం కాబట్టి నీళ్లకి స్టీలు సీసానో రాగి సీసానో తెచ్చుకోండి.

ఇబ్బందంతా "అదే బస్సు" అనే మాటలో ఉంది. అవతల నాలుగైదు బస్సులు ఒకే రంగులో, ఒకే పేరుతో వరసగా నిలబడి ఉంటాయి. దిగేముందు బస్సు నంబరు చివరి నాలుగు అంకెలు గుర్తుపెట్టుకోండి, లేదంటే దిగగానే వెనక్కి తిరిగి ఒక ఫోటో కొట్టండి. మా పిన్ని ఒకసారి వేరే బస్సు ఎక్కి, తన సీట్లో ఎవరో తమిళాయన కూర్చున్నాడని ఆయన్ని లేపబోయింది. ఆయనకి తెలుగు రాదు, ఈమెకి తమిళం రాదు, ఇద్దరూ టికెట్లు చూపించుకుంటున్నారు. ఇంకో పక్క మా బాబాయ్ అసలు బస్సు మెట్టు మీద నిలబడి "ఇంకొక్కళ్లు రావాలి, ఇంకొక్కళ్లు రావాలి" అని డ్రైవర్‌ని బతిమాలుతున్నాడు. పెద్దవాళ్లని, పిల్లల్ని ఒంటరిగా పంపకండి, ఆడవాళ్ల వరస వేరు, మగవాళ్ల వరస వేరు కాబట్టి ముందే "ఈ నంబరు బస్సు దగ్గర కలుద్దాం" అనుకుని విడిపోండి.

ఆ తర్వాత ఘాట్ రోడ్డు. ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డులో, దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో. పాతదాంట్లో మలుపులు ఎక్కువ, అందుకే ఎక్కేటప్పుడు బాగానే ఉన్నవాళ్లకి కూడా దిగేటప్పుడు కడుపులో తిప్పుతుంది. వాంతుల భయం ఉన్నవాళ్లు ముందు సీట్లలో కూర్చోవాలి, చేతిలో ఒక నిమ్మకాయ, ఒక కవరు ఉంచుకోవాలి. కడుపు నిండా తిని దిగకండి. లడ్డూ కింద తినొచ్చు.

అర్ధరాత్రి తర్వాత ఘాట్ రోడ్డు కొన్ని గంటలు మూసే వేళలు ఉంటాయి, అవి కాలాన్ని బట్టి మారుతుంటాయి. రాత్రి పది దాటాక కొండకి బయల్దేరాలనుకుంటే, లేదా తెల్లవారుజామున రైలు ఉండి కొండ దిగాలనుకుంటే, ఆ రోజు వేళలు బస్టాండ్‌లో కనుక్కుని లెక్క వేసుకోండి.

పైన, మళ్లీ కిందికి

కొండ మీద తిరగడానికి టికెట్ అక్కర్లేదు. టీటీడీ ధర్మరథం బస్సులు ఉచితంగా తిరుగుతుంటాయి. చెయ్యి ఎత్తితే చాలు. జనం ఎక్కువ ఉన్న రోజు అవి కిక్కిరిసి వస్తాయి, అప్పుడు నడకే వేగం.

తిరుగు టికెట్ భద్రం గురించి ఇప్పుడు కొంచెం ఎక్కువే చెబుతాను. కొండ మీద మనిషి చేసే పనులన్నీ ఆ చిన్న చీటీకి శత్రువులే. తలనీలాలు, స్నానం, బట్టలు మార్చడం, సెల్‌ఫోన్ డిపాజిట్, బ్యాగు డిపాజిట్. మా ఇంట్లో జరిగిందే చెబుతా. బాబాయ్ ఐదుగురి రానుపోను టికెట్ చొక్కా జేబులో పెట్టుకున్నాడు, కల్యాణకట్టలో గుండు కొట్టించుకుని స్నానం చేశాడు, తడి చొక్కా మడిచి కవర్లో కుక్కాడు, పంచె కట్టుకుని దర్శనానికి వచ్చేశాడు. సాయంత్రం కవరు తీస్తే జేబులో తెల్లటి ముద్ద. అక్షరం లేదు. ఐదుగురికీ మళ్లీ టికెట్ కొన్నాం, ఎవర్నీ తిట్టడానికి లేదు.

టిమ్ మిషన్‌లో వచ్చే కాగితం వేడికి నల్లబడే రకం. ఎండకీ వేడికీ పాడవుతుంది, చెమట తగిలినా, రుద్దినా అక్షరాలు పోతాయి. పర్సులో నోట్ల మధ్య మడతపెట్టకుండా పెట్టండి. దర్శనానికి ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు, కౌంటర్‌లో ఇచ్చేయాలి కాబట్టి ఫోన్ కవరు వెనకాల టికెట్ దూర్చే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇంట్లో ఒక్కరికే అందరి టికెట్లూ ఇచ్చి, ఆ ఒక్కరు గుండు చేయించుకోని మనిషయ్యేట్టు చూసుకోండి. నవ్వులాట కాదు.

నడిచి ఎక్కేవాళ్లకి రెండు దారులు. అలిపిరి నుంచి 3550 మెట్లు, శ్రీనివాస మంగాపురం దగ్గరున్న శ్రీవారి మెట్టు నుంచి 2388 మెట్లు. దిగేటప్పుడు కొండ మీద ఆర్టీసీ బస్టాండ్‌లో ఒకవైపు టికెట్ తీసుకోవడమే. ఇక్కడ ఒక చిక్కుంది. కారు శ్రీవారి మెట్టు దగ్గర పెట్టి నడిచి ఎక్కినవాళ్లు, కిందికి బస్సు ఎక్కితే అది తిరుపతికి వస్తుంది, శ్రీవారి మెట్టుకి కాదు. అక్కడి నుంచి మళ్లీ బస్సో ఆటోనో పట్టుకుని కారు దగ్గరికి పోవాలి. అలిపిరిలో పెడితే ఈ తిప్పలు ఉండవు.

ఎవరికి ఫ్రీ, ఎవరికి హాఫ్

ఐదేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, ఐదు నుంచి పన్నెండేళ్ల దాకా హాఫ్ టికెట్. మీ వాడు వయసుకి మించి పొడుగైతే ఆధార్ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి.

60 దాటిన వాళ్లకి ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది. అడగకపోతే ఎవరూ ఇవ్వరు. టికెట్ కొట్టకముందే "సీనియర్ సిటిజన్" అని చెప్పి వయసు ఉన్న కార్డు చూపించాలి. టికెట్ వచ్చేశాక చెబితే కండక్టర్‌కీ చిరాకు, మనకీ నష్టం.

ఆడవాళ్ల ఉచిత ప్రయాణం గురించే ఎక్కువ ఫోన్లు. స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ ఐదు రకాల్లోనే. ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న కార్డు చూపించాలి. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు ఏదైనా పర్వాలేదు. హైదరాబాద్ ఆధార్‌తో వచ్చి "మాకు అక్కడ ఫ్రీ కదా" అంటే ఇక్కడ కుదరదు, అది తెలంగాణ పథకం, తెలంగాణ బస్సులకి. కొండకి పోయే సప్తగిరి బస్సుల్లో ఈ పథకం లేదు, డబ్బులిచ్చే టికెట్ తీసుకోవాలి. రాష్ట్రం దాటే బస్సుల్లోనూ లేదు. ఇక్కడే చిత్తూరు పోయేవాళ్లు పొరబడతారు. తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా వేలూరు పోయే బస్సు ముందు నిలబడి, "మేము చిత్తూరులోనే దిగుతాం కదా" అంటారు. మనం ఎక్కడ దిగుతామన్నది కాదు, బస్సు ఎక్కడిదాకా పోతుందన్నది లెక్క. చిత్తూరుతో ఆగే ఎక్స్‌ప్రెస్ ఎక్కండి.

ఉచితమైనా సున్నా టికెట్ తీసుకోవాల్సిందే. కండక్టర్ ఇచ్చిన ఆ చీటీ దిగేదాకా చేతిలో ఉండాలి. "ఫ్రీయే కదా" అని పారేసుకుంటే చెకింగ్‌లో టికెట్ లేని ప్రయాణం కిందే లెక్క.

చుట్టుపక్కల గుళ్లు

తిరుచానూరు అయిదు కిలోమీటర్లు. బస్సులున్నాయి, షేర్ ఆటోలు అంతకంటే ఎక్కువ. షేర్ ఆటో ఎక్కేముందు "షేరా, ఫుల్లా? మనిషికి ఎంత?" ఈ రెండు ప్రశ్నలూ అడగకుండా కాలు లోపల పెట్టకండి. షేర్ ఆటో అనుకుని ఎక్కి, దిగాక ఫుల్ ఆటో డబ్బులు ఇచ్చిన చుట్టాలు మాకు ముగ్గురున్నారు. శుక్రవారం అమ్మవారి గుడికి జనం ఎక్కువ, ఆ రోజు వీలైతే పొద్దున్నే పోండి.

శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి కోట ఒకే దారిలో ఉంటాయి, ఒకే పూటలో రెండూ చూడొచ్చు. దీనికి రానుపోను టికెట్ లాంటిదేమీ లేదు, దిగిన చోట మళ్లీ కొత్త టికెట్. పల్లె వెలుగు బస్సులో టికెట్ అడిగేటప్పుడు ఊరి పేరు మాత్రమే కాకుండా స్టేజి పేరు చెప్పండి, "కోట దగ్గర దిగాలి" అంటే కండక్టరే ఎక్కడ దింపాలో చూసుకుంటాడు.

శ్రీకాళహస్తి నలభై కిలోమీటర్ల లోపే. రాహుకేతు పూజ చేయించుకునేవాళ్లు రాహుకాలం చూసుకుని పోతారు కాబట్టి ఆ వేళకి ముందు బస్సులు నిండుగా ఉంటాయి. కాణిపాకం చిత్తూరుకి దగ్గర, అక్కడి నుంచి పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. తిరుపతి నుంచి నేరుగా కాణిపాకం బస్సు దొరికితే ఎక్కేయండి, లేకపోతే చిత్తూరు పోయి మారండి. చిత్తూరు బస్టాండ్‌లో కాణిపాకం బస్సు కోసం ఎక్కువసేపు కాచుకోవాల్సిన పని ఉండదు.

నాన్‌స్టాప్ బస్సులు కొన్నింటిలో కండక్టర్ ఉండడు. గ్రౌండ్ బుకింగ్ అంటారు, బస్టాండ్‌లోనే కింద నిలబడ్డ కండక్టర్ అందరికీ టికెట్లు కొట్టేసి దిగిపోతాడు, డ్రైవర్ ఒక్కడే బండి తీసుకుపోతాడు. మీరు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకుని, "కండక్టర్ లోపలికి వస్తాడులే" అని కూర్చుంటే రాడు. ఎక్కేముందే టికెట్.

చిల్లర, ఫోన్‌పే

ఇప్పుడు చాలా బస్సుల్లో ఫోన్‌తో డబ్బులు కట్టొచ్చు. అయినా వంద, యాభై, ఇరవై నోట్లు కొన్ని విడిగా పెట్టుకోండి. సిగ్నల్ లేని చోట, బ్యాంకు సర్వర్ మొరాయించిన చోట, ఫోన్ ఛార్జింగ్ అయిపోయిన చోట నోటే గతి. మీ ఖాతాలో డబ్బులు పోయి మిషన్‌లో టికెట్ రాకపోతే కంగారుపడి ఇంకోసారి కొట్టొద్దు, మెసేజ్ చూపించి కండక్టర్ ఏం చెబుతాడో వినండి.

చిల్లర లేకపోతే కండక్టర్ టికెట్ వెనకాల బాకీ అంకె రాసిస్తాడు. తరతరాల ఆచారం ఇది. దిగే స్టాపుకి రెండు స్టాపుల ముందే సీట్లోంచి లేచి అడగండి. దిగే హడావుడిలో ఆయనా మరచిపోతాడు, మీరూ మరచిపోతారు, బస్సు వెళ్లిపోయాక ఇద్దరికీ గుర్తొస్తుంది.

జనం పోటెత్తే రోజులు

తమిళుల పెరటాసి నెల, అంటే సెప్టెంబర్ సగం నుంచి అక్టోబర్ సగం దాకా, అందులోనూ శనివారాలు, చెన్నై వైపు బస్సులన్నీ కిటకిట. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు ఇంకా ఎక్కువ, ఆ రోజు ఘాట్ మీద ద్విచక్ర వాహనాలు నిలిపేస్తారు కాబట్టి బస్సుల మీదే భారమంతా. ఆర్టీసీ అదనపు బస్సులు వేస్తుంది, అయినా క్యూ ఉంటుంది. గరుడ సేవ రాత్రి కొండ దిగి అదే రాత్రి రైలు పట్టుకోవాలనే ప్లాన్ వేసుకోకండి. ఎంత ధైర్యవంతులైనా టెన్షన్‌తో చస్తారు.

తిరుగు రైలు, జనరల్ టికెట్

దగ్గర ఊరికి జనరల్ టికెట్‌తో పోయేవాళ్లకి ఒక్క మాట. 200 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి టికెట్ తీసుకున్న మూడు గంటల్లోపు, లేదా ఆ దారిలో పోయే మొదటి రైలు వెళ్లేలోపు బయల్దేరాలి. పొద్దున్నే టికెట్ కొనిపెట్టుకుని, తిరుచానూరు పోయి తాపీగా సాయంత్రం రైలు ఎక్కితే అది చెల్లదు. సాగనంపడానికి వచ్చిన నాలాంటి వాళ్లు ప్లాట్‌ఫారం టికెట్ తీసుకోవాలి.

బస్సులో ఏదైనా మరచిపోతే

పారేయకుండా ఉంచమన్న టికెట్ ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. దాని మీద డిపో పేరు, టైము ఉంటాయి. దాన్ని పట్టుకుని బస్టాండ్‌లో కంట్రోలర్ దగ్గరికి పోతే, ఆ బస్సు ఎక్కడుందో, కండక్టర్ ఎవరో వాళ్లు కనుక్కోగలరు. టికెట్ లేకపోతే "ఎర్ర బస్సండీ, కిటికీ పక్క సీటండీ" అని చెప్పుకోవాల్సి వస్తుంది, ఆ గుర్తులతో రోజుకి ఎన్ని బస్సులు పోతాయో ఊహించుకోండి.

మా పిన్ని కొడుకు ఇదంతా చదివి, అలిపిరిలో బస్సు నంబరు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టాడు, టికెట్ ఫోటో కూడా పెట్టాడు. అంతా సవ్యంగా చేసి, కిందికి వచ్చాక లడ్డూల సంచి సీటు కిందే వదిలేసి దిగాడు. నేనూ వాడూ ఆ చీటీ పట్టుకుని కంట్రోలర్ గదికి పోయాం. అరగంటలో సంచి వచ్చింది. వాడు అక్కడే బల్ల మీద పెట్టి లడ్డూలు లెక్కపెడుతుంటే నాకు సిగ్గేసింది. పన్నెండూ ఉన్నాయి.